పదిహేడో గుమ్మం

గోడ అవతల దిల్లేశ్వరి నవ్వింది. ఆ వెనకే అమ్మగారు కూడా నవ్వారు.

జగదాంబ చేతిలో పని ఆగిపోయింది.

నెమలిమెట్ట ఆశ్రమానికి ఆమె వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఆశ్రమం నడిపే అమ్మగారు చిన్నగా నవ్వడం ఎన్నోసార్లు చూసింది. పళ్ళు కనబడేలా, నవ్వీ నవ్వీ దగ్గొచ్చేలా నవ్వడం మాత్రం ఈ రెండేళ్ళ నుంచే వింటోంది. అంటే ఈ దిల్లేశ్వరి, అదే దిల్లి, వచ్చినప్పటి నుంచి.

అటు చెవి పెట్టకూడదనుకుంది. అనుకుంటూనే పెట్టింది.

"అప్పుడు కలెక్టరుగారి ఫోను తీసుకెళ్ళి కల్లు దుకాణానికి కలిపేశానే!" అంటున్నారు అమ్మగారు.

"అయ్యబాబోయ్! తరవాతేటయిందమ్మా?"

"ఏటవుతాది? ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు."

మళ్ళీ నవ్వులు.

ఆ కథ జగదాంబకి తెలుసు. సన్యాసం పుచ్చుకోకముందు అమ్మగారు టెలిఫోను ఆఫీసులో ట్రంకు కాల్సు కలిపేవారు. ఒకసారి అమ్మగారికి జ్వరం వస్తే జగదాంబ రాత్రీ పగలూ పక్కనే ఉండి కాళ్ళు పట్టింది. అప్పుడు చెప్పారు ఆ కథ. తనొక్కదానికే చెప్పారనుకుంది. ఇన్నాళ్ళూ దాన్ని మంచి చీర మడతపెట్టినట్టు మడతపెట్టి దాచుకుంది. ఇప్పుడు దిల్లి ఆ చీర కట్టుకుని గదంతా తిరుగుతున్నట్టనిపించింది.

ఆశ్రమానికి ఒక కంటి ఆసుపత్రి ఉంది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ, కొండ మీది గూడేల నుంచీ ముసలివాళ్ళు వస్తారు. కంట్లో శుక్లం తీసి అద్దం పెట్టి, రెండు పూటలా అన్నం పెట్టి పంపిస్తారు. ఆసుపత్రిలో కళ్ళు కొలిచే మిషన్లు, కంప్యూటర్లు, కెమెరాలు అన్నిటికీ తీగలున్నాయి. ఆ తీగలన్నీ వచ్చి మిషన్ల గదిలో, ఒకే పెద్ద ఇనప పెట్టెలో దిగుతాయి. దాన్ని స్విచ్ అంటారు. పెట్టెలో తీగ దిగే ఒక్కొక్క చోటుని పుస్తకాల్లో ఇంటర్‌ఫేస్ అని రాస్తారు. అమ్మగారు మాత్రం గుమ్మం అంటారు. ఆ మాటే అందరికీ అలవాటయిపోయింది. "మందుల గది గుమ్మం మూసుకుపోయింది" అంటే వంటింట్లో వాళ్ళకి కూడా తెలిసిపోతుంది.

ఏ గుమ్మం తెరిచి ఉంది, ఏది మూసి ఉంది, ఏ గుమ్మంలో ఎంత రాకపోకలున్నాయి, ఇవన్నీ కూర్చున్న చోటు నుంచే పెట్టెని అడగొచ్చు. కావాలంటే ఒక గుమ్మాన్ని మూయమని చెప్పొచ్చు, తెరవమని చెప్పొచ్చు. ఆ అడిగే పద్ధతికి ఎస్సెన్నెంపీ అని పేరు. ఐదు సెకన్లకోసారి కంప్యూటరు అడుగుతుంది, పెట్టె జవాబు చెబుతుంది.

కానీ పెట్టె తన గుమ్మాలకి తనే అంకెలు వేసుకుంటుంది. ఒకటి, రెండు, మూడు అని. జవాబు కూడా ఆ అంకెలతోనే చెబుతుంది. ఏ అంకె ఎవరిదో మనం తెలుసుకోవాలి.

జగదాంబ తెలుసుకుంది. ఎర్ర అట్ట పుస్తకంలో గీతలు కొట్టి రాసుకుంది. పదకొండు వంటిల్లు. పదిహేడు దిల్లి గది. ఇరవై రెండు ఆపరేషన్ గది. నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. తెర మీద కూడా ఆ అంకెల పక్కనే ఆ పేర్లు వచ్చేలా చేసుకుంది. నలభై ఎనిమిది గుమ్మాలు, రాకపోకలు పెరిగితే పైకి లేచే నలభై ఎనిమిది గీతలు. పొద్దున్న లేచి దేవుడి పటం కన్నా ముందు ఆ గీతల్నే చూసేది.

ఆ నెలలో ఒకరోజు భోజనాల దగ్గర అమ్మగారు మామూలుగా అన్నారు. "నా వేళ్ళు వణుకుతున్నాయి. ఈ గురువారం కాక పై గురువారం, సత్సంగంలో చెప్తాను. మిషన్ల గది ఎవరు చూసుకోవాలో."

జగదాంబ అన్నం కలుపుతున్న చెయ్యి ఆగలేదు కానీ ఏం కలుపుతోందో తెలియలేదు. మజ్జిగలో పప్పు పోసుకుంది.

ఆ గది అంటే గది కాదు ఆమెకి. అమ్మగారి పక్కన కూర్చునే చోటది. తనకి తప్ప ఇంకెవరికిస్తారు? తొమ్మిదేళ్ళు.

మర్నాడే అమ్మగారు దిల్లిని పిలిచి, గుమ్మాలు కనిపెట్టి చూడడానికి కొత్త తెర ఒకటి తయారు చెయ్యమన్నారు.

జగదాంబ విని, ఊరుకుంది. ఊరుకోవడం ఆమెకి బాగా వచ్చు. మొహం మాత్రం ఊరుకోలేదు.

దిల్లి ఆ పని మొదలుపెట్టిన తీరు చూస్తే నవ్వొచ్చింది. కంప్యూటరు ముందు కూర్చోకుండా, ఒక కాయితం పట్టుకుని గదిగదికీ తిరగడం మొదలెట్టింది. ఈ తీగ ఎవరిది, ఇక్కడ ఎవరు కూర్చుంటారు, పేరేమిటి, ఏం పని చేస్తారు అని అడుగుతూ. మందుల గదిలో పది నిమిషాలు, వంటింట్లో అరగంట. పనిలో పనిగా వార్డులో ముసలివాళ్ళ పేర్లు కూడా అడిగేది.

"ఏమే దిల్లీ," అంది జగదాంబ వరండాలో ఎదురుపడి, "జనాభా లెక్కలకొచ్చావా?"

"గుమ్మాలకి పేర్లు పెడుతున్నానక్కా. పెట్టెలో ఒక్కో గుమ్మం పక్కన మనకి కావలసింది రాసుకోనిస్తుంది గాదా. ఇన్నాళ్ళూ ఖాళీగా వదిలేశాం."

"అంకెలున్నాయిగా. బళ్ళో అంకెలు నేర్పలేదా నీకు?"

"నేర్పారక్కా. నాకే రాలేదు," అని నవ్వేసి వెళ్ళిపోయింది దిల్లి.

ఆ పిల్లతో ఇదే కష్టం. ఎంత పొడిచినా దిగదు. పొడిచిన చెయ్యే నొప్పెడుతుంది.

ఆసుపత్రికి కొత్త వార్డు కట్టారు. తీగలు ఎక్కువయ్యాయి. పెట్టెలో మరిన్ని గుమ్మాలున్న పలక ఇంకొకటి అమర్చాల్సి వచ్చింది. ఆదివారం ఆపరేషన్లు ఉండవు కనక ఆరోజు పెట్టుకున్నారు. అమ్మగారు కబురంపారు.

"దిల్లి కూడా వస్తోందా?" అని అడిగింది జగదాంబ, కబురు తెచ్చిన వంటామెని.

"ఎప్పుడో వచ్చేసింది. అమ్మగారికి టీ కూడా పెట్టిచ్చింది."

"నాకు తలనొప్పిగా ఉందని చెప్పు."

వంటామె ఆమె మొహంలోకి ఒకసారి చూసి, "ఎక్కడ నొప్పో నాకు తెలుసులే తల్లీ," అని గొణుక్కుంటూ పోయింది.

జగదాంబ తలుపేసుకుని పడుకుంది. నిద్ర రాలేదు. మిషన్ల గది అక్కడికి నాలుగు గదుల అవతల. ఏమీ వినిపించదు. అయినా వినిపిస్తున్నట్టే ఉంది.

సాయంత్రం దిల్లి తలుపు కొట్టి, తలకి రాసుకునే మందు సీసా కిటికీ మీద పెట్టింది. "అక్కా, పలక పెట్టేశాం. పెట్టె ఆపి మళ్ళీ లేపామా, లేచాక అంకెలన్నీ తారుమారయిపోయాయి. ఒకసారి నీ పుస్తకం తీస్తే ఇద్దరం కూర్చుని..."

"నా పుస్తకం సంగతి నీకెందుకు?"

"అది కాదక్కా, అంకెలు..."

"తల పగిలిపోతోంది దిల్లీ. తలుపు దగ్గరికేసి వెళ్ళు."

దిల్లి తలుపు దగ్గరికేసి వెళ్ళింది, చప్పుడు కాకుండా.

సోమవారం పొద్దున్న జగదాంబ మిషన్ల గదిలో తన తెర ముందు కూర్చుంది. ముందు పదిహేడో గీతే చూసింది. ఈమధ్య రోజూ ముందు దాన్నే చూస్తోంది. పదిహేడు, దిల్లి గది.

గీత ఆకాశానికి లేచింది.

ఎప్పుడూ నేల మీద పాకుతూ ఉండే గీత అది. ఇప్పుడు తొమ్మిదింటికి లేచింది, ఒంటిగంట దాకా దిగలేదు. మంగళవారమూ అంతే. అంత బరువు ఆ గుమ్మంలోంచి వెళ్ళాలంటే ఒక్కటే అవుతుంది. బొమ్మలు. ఆపకుండా బొమ్మలు.

"సినిమాలు!" అంది పైకి.

ఆమె గుండె ఎగిరింది. అది కోపమో, సంతోషమో ఆమెకే తెలియలేదు. మిగతా గీతల వంక చూడనే లేదు. చూసి ఉంటే వంటింటి గీత పడుకుని ఉండడం, ఎవరూ లేని గది గీత గంతులెయ్యడం కనబడేవి. పదిహేడు తప్ప ఆమెకి ఇంకే అంకె అక్కర్లేకపోయింది.

మంగళవారం సాయంత్రం అమ్మగారు పెరట్లో తులసి ఆకులు కోస్తుంటే వెళ్ళి నిలబడింది.

"అమ్మా, చెప్పకూడదు గానీ..."

"చెప్పకూడనిదైతే చెప్పకు."

"చెప్పాలమ్మా. మన దిల్లి పనిచేసే వేళలో సినిమాలు చూస్తోంది."

అమ్మగారు ఆకులు కోస్తూనే, "చూశావా?" అన్నారు.

"నా తెర మీద చూశానమ్మా. పొద్దున్న తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా."

"దిల్లిని చూశావా?"

"దాని గుమ్మం చూశాను."

అమ్మగారు ఆకులు కొంగులో వేసుకున్నారు. రెండాకులు తీసి జగదాంబ చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయారు.

జగదాంబకి అది దిల్లిని వెనకేసుకు రావడంగా తోచింది. ఆ రెండాకులు నమల్లేదు. నలిపేసింది.

బుధవారం. మర్నాడే గురువారం, సత్సంగం.

పొద్దున్న పదిన్నరకి పదిహేడో గీత మళ్ళీ ఆకాశంలోనే ఉంది. జగదాంబ ఆలోచించింది. ఇప్పుడు ఆ గుమ్మం మూసేస్తే దిల్లి పరిగెత్తుకొస్తుంది. "అక్కా, నా తీగ పనిచెయ్యడం లేదు" అంటుంది. అప్పుడు తను, పదిమందిలో, భోజనాల దగ్గర, నెమ్మదిగా అడుగుతుంది. "అంత అర్జంటుగా ఏం చూస్తున్నావమ్మా?" అని. అంతే. ఇంకేమీ అనక్కర్లేదు. అమ్మగారే వింటారు.

ఆ మాట ఏ గొంతుతో అనాలో కూడా మనసులో రెండుసార్లు అనుకుని చూసుకుంది.

ఎర్ర పుస్తకం తెరిచి ఇంకోసారి చూసుకుంది. పదిహేడు. కీబోర్డు మీద పదిహేడు కొట్టి, మూయమని చెప్పింది.

పెట్టె మూసేసింది. దానికి చెప్పిన అంకె తప్ప మనుషులు తెలియరు.

తెర మీద పదిహేడో గీత తెగి కింద పడింది. జగదాంబ వీపు కుర్చీకి ఆనించి, తలుపు వైపు చూస్తూ కూర్చుంది.

దిల్లి రాలేదు. ఆపరేషన్ గది నుంచి నర్సు గొంతు వినిపించింది, వరండా అంతా మోగేలా.

"తెర పోయింది! మిషన్ల గదిలో ఎవరున్నారు? లోపల పేషెంటు టేబుల్ మీద ఉంది!"

జగదాంబ పరుగెత్తింది. ఆపరేషన్ గది తలుపు అద్దంలోంచి చూసింది. లోపల డాక్టరుగారు రెండు చేతులూ గాల్లో పెట్టుకుని నిలబడి ఉన్నారు. ఆకుపచ్చ గుడ్డ కింద అసిరమ్మ అనే ముసలామె పడుకుని ఉంది. కంట్లో పాత పొర తీసేశారు. కొత్త అద్దం ఎంత పవరుదో కొలతల గది నుంచి తెర మీదకి వస్తుంది, అది చూసి పెట్టాలి. తెర నల్లగా ఉంది.

"జ్ఞాపకం మీద పెట్టను," అంటున్నారు డాక్టరుగారు. "అంకె కళ్ళతో చూడాలి నేను."

"ఏటి, అందరూ ఊరకుండిపోనారు?" అంది గుడ్డ కింద నుంచి అసిరమ్మ. "కరెంటు పోనాదేటి?"

బయట బల్ల మీద మరో పదిమంది ఆకుపచ్చ టోపీలు పెట్టుకుని, కంట్లో మందు చుక్కలేయించుకుని వరసగా కూర్చుని ఉన్నారు. వాళ్ళంతా ఒకేసారి జగదాంబ వైపు తలలు తిప్పారు. ఒక కంటితో చూడలేక, రెండో కంటితో వెతుక్కుంటూ.

జగదాంబ వాళ్ళ చూపు తప్పించుకుని మళ్ళీ తలుపు అద్దం వైపు తిరిగింది.

వార్డు వైపు నుంచి దిల్లి వచ్చింది. చేతిలో ఆ పేర్ల కాయితమే ఉంది. నర్సు చెప్పింది వింది, ఒక్క క్షణం నిలబడింది, కాయితం నోట కరుచుకుని చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని కొలతల గదికి పరుగు తీసింది. అక్కడి మిషను మీద ఉన్న అంకె కాయితం మీద రాయించి, సంతకం పెట్టించి, మళ్ళీ పరుగున వచ్చి తలుపు అద్దానికి ఆనించి పట్టుకుంది. డాక్టరుగారు దగ్గరికొచ్చి రెండుసార్లు చదివారు. తల ఊపారు.

"అసిరమ్మా, కరెంటుంది. భయపడకు," అంది దిల్లి బయటినుంచి గట్టిగా.

"దిల్లమ్మవా? నువ్వుంటే నాకేటి భయం," అంది ముసలామె.

జగదాంబ ఆ మాట కూడా వింది. అప్పుడు కూడా, అంత జరిగాక కూడా, అది గుచ్చుకుంది. అలా గుచ్చుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"మిగతా పదిమందికీ ఇలా పరిగెత్తలేను గదా," అంది దిల్లి రొప్పుతూ. "అక్కా, గుమ్మం ఎందుకు మూసుకుపోయిందో చూడవా? నేనిక్కడ ఉంటాను."

జగదాంబ మిషన్ల గదికి వచ్చేసరికి అమ్మగారు అక్కడ నిలబడి ఉన్నారు. ఒక్కరే.

"ఏదైనా ముట్టుకున్నావా?" అన్నారు.

అబద్ధం నాలిక చివరి దాకా వచ్చింది. అక్కడే ఆగింది.

"దిల్లి గుమ్మం మూశానమ్మా."

"దిల్లి గుమ్మం తెరిచే ఉంది. పొద్దున్నుంచీ అందులో ఎవరూ లేరు. ఆ పిల్ల వార్డులో ఉంది."

"పదిహేడు మూశాను."

"ఊఁ."

జగదాంబకి అప్పుడు తెలిసింది. ఆదివారం. తలుపు. *అంకెలన్నీ తారుమారయిపోయాయి.* మూడు రోజులుగా తను కాపలా కాసినది దిల్లిని కాదు, ఆపరేషన్ గదిని. సినిమా అనుకున్నది, డాక్టరుగారి భూతద్దం కింద కనిపించే కంటి బొమ్మ. నేర్చుకునే నర్సులు పక్క గదిలో చూసేందుకు పొద్దున్నంతా వెళుతూ ఉంటుంది.

కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ముందు తెరువు," అన్నారు అమ్మగారు. "పదిమంది కూర్చున్నారు."

జగదాంబ ఎర్ర పుస్తకం తెరిచింది. అలవాటు. వేలు ఇరవై రెండు మీదకి వెళ్ళింది, ఆపరేషన్ గది. కాదు, పదిహేడు. కాదు, ఏది? తన చేతిరాతే తనకి తెలియని భాషలా ఉంది.

అమ్మగారు తన ముడతల చెయ్యి ఆ పేజీ మీద బోర్లా పెట్టారు. అంకెలన్నీ ఆ చేతి కింద దాగిపోయాయి.

"ఎవరిని తెరవాలి?" అన్నారు.

"ఆపరేషన్ గదిని."

"అలా వెతుకు."

పుస్తకం మీద చెయ్యి తియ్యలేదు. రెండో చేత్తో పక్కనున్న తెరని జగదాంబ వైపు తిప్పారు. అది దిల్లి తయారు చేస్తున్న కొత్త తెర. జగదాంబ ఇంతవరకూ దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. చూడకూడదని ఒట్టు పెట్టుకుంది.

అందులో అంకెలు లేకపోలేదు. చిన్నగా, మూలకి ఉన్నాయి. పెద్దగా ఉన్నవి మాటలు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు మాటలు. అంకె ఎటు జరిగినా ఆ మాట మాత్రం తన తీగనే అంటిపెట్టుకుని ఉంటుంది.

కొలతల మిషను, కిటికీ పక్కది. మందుల గది, సూరమ్మగారు. వంటింటి కెమెరా, పొయ్యి పైన. కొత్త వార్డు, ఇంకా ఎవరూ రాలేదు.

ఆపరేషన్ గది, దీన్ని ముట్టే ముందు నర్సుని అడగండి. దాని పక్కన ఎర్ర చుక్క వెలుగుతోంది.

జగదాంబ దాని మీద వేలు పెట్టి, తెరవమని చెప్పింది. చుక్క పచ్చబడింది. వరండా చివర నర్సు, "వచ్చింది, వచ్చింది!" అని కేకేసింది. బల్ల మీద ముసలివాళ్ళెవరో చప్పట్లు కొట్టారు.

జగదాంబ చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. చూపు మాత్రం కిందికి జారింది. నాలుగు వరసల కింద తన పేరుంది.

జగదక్క కుర్చీ. ఎట్టి పరిస్థితుల్లోనూ ఇది ఆగకూడదు.

మళ్ళీ చదివింది. మూడోసారి చదవబోతే అక్షరాలు అలుక్కుపోయాయి. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

అమ్మగారు కిటికీ లోంచి బయటికి చూస్తున్నారు. పెట్టెలో పంకా సన్నగా తిరుగుతోంది.

"అమ్మా," అంది జగదాంబ చివరికి.

"ఊఁ."

"నేను మీకు ఎన్నోదాన్నమ్మా?"

అడిగేశాక సిగ్గుపడిపోయింది. ఇంత తప్పు చేసి, క్షమించమని అడగాల్సిన చోట ఇది అడిగింది. కానీ తొమ్మిదేళ్ళుగా లోపల ఉన్న ప్రశ్న అదొక్కటే. మిగతావన్నీ దాని చుట్టూ కట్టుకున్న గోడలు.

అమ్మగారు ఎర్ర పుస్తకం మీద నుంచి చెయ్యి తీశారు. దాన్ని మూసి, జగదాంబ ఒళ్ళో పెట్టారు. నెమ్మదిగా వచ్చి పక్కన నిలబడ్డారు.

జగదాంబ తల దించుకునే అంది. "రేపు సత్సంగంలో దిల్లి పేరే చెప్పండమ్మా. దానికే తగును. నేను... నేను ఇంక వంటింట్లో ఉంటాను."

ఇచ్చేసినట్టే అంది గానీ, ఇవ్వలేదు. విసిరింది. అమ్మగారు "వద్దు" అంటారేమోనని ఒక చెవి ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. అది ఆమెకీ తెలుసు. పక్కన నిలబడ్డ ఆవిడకీ తెలుసు.

"వద్దు" అని అమ్మగారు అనలేదు. "సరే" అనీ అనలేదు. వణుకుతున్న వేలితో తెర మీద ఒక వరస చూపించారు.

అన్ని గుమ్మాలకీ పేర్లున్నాయి. వంటింటి కెమెరాకి కూడా ఉంది. ఆ ఒక్క వరసలో మాత్రం ఏమీ లేదు. నలభై ఒకటి అని అంకె ఉంది. పక్కన ఖాళీ.

"ఇది ఎవరిదమ్మా?"

"దిల్లిది. అందరికీ రాసింది. తనకి రాసుకోలేదు." అమ్మగారు కుర్చీని ముందుకి జరిపారు. "నువ్వు రాయి."

జగదాంబ ఆ ఖాళీ వంక చూసింది. అక్షరం పడే చోటు చూపే గీత ఒకటి అందులో వెలిగి ఆరుతూ, వెలిగి ఆరుతూ ఎదురుచూస్తోంది.

వరండాలో దిల్లి గొంతు వినబడుతోంది. అసిరమ్మని చక్రాల కుర్చీలో వార్డుకి తీసుకెళుతోంది. ముసలామె ఏదో అంది. దిల్లి నవ్వింది.

ఈసారి జగదాంబ ఆ నవ్వు పూర్తిగా అయిపోయేదాకా వింది.

కీబోర్డు దగ్గరికి లాక్కుంది. ఒక్కొక్క అక్షరమే వెతుక్కుని, కొత్తగా నేర్చుకుంటున్నదానిలా కొట్టింది. దిల్లి. అంతే. అది రాసేసరికే నుదుటి మీద చెమట పట్టింది. చేతులు ఒళ్ళోకి తీసుకుంది.

అమ్మగారు కళ్ళజోడు సర్దుకుని, ముందుకి వంగి చదివారు.

"ఇంకా చోటుంది," అన్నారు.

జగదాంబ ఆవిడ మొహంలోకి చూసింది. ఆవిడ తెరనే చూస్తున్నారు.

తన పేరున్న వరసని ఇంకోసారి చదువుకుని, జగదాంబ మళ్ళీ కీబోర్డు మీద వేళ్ళు పెట్టింది.